మామయ్యగారి జావా

మన తెలుగు కుటుంబాలలో పాత వస్తువును పారవేయడమంటే ఎవరికీ చేతులు రావు. అటక మీద కాళ్ళు విరిగిన ఉయ్యాలబల్ల, పెరటి కొట్టులో చిల్లులు పడ్డ గంగాళం ఏ ఇంటికి వెళ్ళినా కనుపిస్తాయి. మల్లేశ్వరంలో మా మేనమామగారి ఇంటి పెరట్లో అటువంటి వస్తువు ఒకటి గోనెపట్టా కప్పుకొని నలభై ఏళ్ళకు పైగా పడివుంది. అది ఒక జావా మోటారు సైకిలు. 2024వ సంవత్సరం ఆయుధపూజ నాడు దాని మీది పట్టా తీశాము. మరుసటి జూలైలో అది తిరిగి నడిచింది. ఈ మధ్య తొమ్మిది నెలలలో జరిగిన సంగతులు పాఠకులకు ఉపయోగపడతాయని, కొంత వినోదం కూడా కలిగిస్తాయని తలచి ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆయుధపూజ నాడు బెంగుళూరులో వాహనాలకు జరిగే వైభోగం మనకు తెలిసిందే. కారు మొదలు పిల్లల మూడు చక్రాల బండి దాకా అన్నింటికీ పసుపు, కుంకుమ, చామంతి దండ, చక్రాల క్రింద నిమ్మకాయలు. మామయ్య ఇంట్లో ఆ పెరటి బండికి మాత్రం ఏనాడూ బొట్టు పెట్టలేదు. అత్తయ్య పెట్టనిచ్చేది కాదు. ఆ ఏడు మా అమ్మాయి, ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నది, చేతిలో కుంకుమ భరిణెతో పెరట్లోకి వెళ్ళి పట్టా లాగివేసింది.

“ఆ భూతాన్ని మళ్ళీ లేపుతావుటే?” అని అత్తయ్య వంటింట్లోనుంచే కేక వేసింది.

మామయ్య పడక కుర్చీలోనుంచి లేచి, చేతికర్ర పుచ్చుకొని మెల్లగా వచ్చి నిలబడ్డాడు. ఆయనకు డెబ్బది ఏడేళ్ళు. తుప్పు పట్టిన ట్యాంకు మీద చెయ్యి వేసి, “ఇది మైసూరు బండి తల్లీ, అప్పటికింకా మన రాష్ట్రం పేరు కర్ణాటక కాలేదు,” అన్నాడు.

ఆ మాట నిజమే. ఆయన దానిని కొన్నది 1972లో. రాష్ట్రానికి కర్ణాటక అన్న పేరు వచ్చింది 1973 నవంబరు 1న. బండి నంబరు పలక మీద నేటికీ మైసూరు రాష్ట్రపు అక్షరాలే వున్నాయి.

జావా చరిత్ర తెలియని చిన్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పవలసి వుంది. చెకోస్లోవేకియా దేశంలో ప్రాగు నగరాన యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మను కంపెనీ నమూనా తీసికొని మోటారు సైకిళ్ళు చేయడం మొదలుపెట్టాడు. ఆయన పేరులోని మొదటి రెండక్షరాలు, వాండరర్ పేరులోని మొదటి రెండక్షరాలు కలిపితే ‘జావా’ అయింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత విదేశీ బండ్ల దిగుమతి తగ్గిపోగా, పార్సీ కుటుంబానికి చెందిన ఇరానీగారలు ఆ కంపెనీ లైసెన్సుతో మైసూరులోని యాదవగిరిలో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టారు. 1961లో దానికి ప్రారంభోత్సవం చేసినవారు అప్పటి గవర్నరు జయచామరాజ ఒడయరుగారు. 1970ల నడిమికి లైసెన్సు పేరు పోయి, బండి ‘యెజ్డీ’ అయింది. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. ఈ పేర్లతో కొత్త కంపెనీ వారు తయారుచేసిన బండ్లు, జావా 2018లోను, యెజ్డీ 2022లోను మళ్ళీ బజారుకు వచ్చాయి గాని వాటి యంత్రమూ వేరు, మోతా వేరు.

మామయ్య బండి అందరి జావాల వంటిది కాదు. దానిని ఆయన ‘ఎండ్యూరో’ బండిగా మార్చుకొన్నాడు. ఎండ్యూరో అంటే ఓర్పుకు పెట్టే పరీక్ష. నున్నటి గుండ్రటి బాటలో ఎవరు ముందు వస్తారన్నది అక్కడ లెక్క కాదు. గుట్టలు, వాగులు, బురద, అడవి దారులు దాటుతూ, ఒక్కొక్క మజిలీకి చెప్పిన నిమిషానికి చేరాలి. ఆలస్యమైనా తప్పే, తొందరపడి ముందు వచ్చినా తప్పే. దారిలో బండి చెడిపోతే నడిపేవాడే తన దగ్గరున్న పనిముట్లతో బాగు చేసికోవాలి, ఇతరులు చెయ్యి వేయరాదు. ఈ రకపు పందాలలో తలమానికం వంటిది 1913లో ఇంగ్లండులో మొదలైన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీ. దానికి 1981 నుంచి ఎండ్యూరో అన్న పేరే ఖాయమైంది. 1970 మొదలు 1974 వరకు వరుసగా అయిదేళ్ళు ఆ ట్రోఫీని చెకోస్లోవేకియా జట్టే గెలుచుకొన్నది. మామయ్య బండి కొన్న 1972లో ఆ పోటీ వారి గడ్డ మీదనే జరిగింది. ఆ వార్తలూ, బొమ్మలూ పత్రికలలో చూచి మామయ్యకూ, ఆయన స్నేహితులకూ పిచ్చి పట్టింది. వారు వాడిన బండ్లు పందాల కోసం ప్రత్యేకంగా చేసినవి, మన మైసూరు బండి పాలూ పెరుగూ తెచ్చుకొనే గృహస్థు బండి అన్న వివేకం ఆ వయస్సులో ఎవరికుంటుంది?

ఆదివారం వస్తే నందికొండ అడుగున, దేవరాయనదుర్గం చుట్టుప్రక్కల వీరి విన్యాసాలు జరిగేవి. మామయ్య తన జావాకు రెండు ప్రక్కలా నేలబారుగా వుండే పొడుగు సైలెన్సరు గొట్టాలు తీసివేసి, వాగులో నీళ్ళు చొరకుండా పైకి వంచి అతికించాడు. లోతు మడ్డుగార్డు తీసి రేకు ముక్క బిగించాడు. కాళ్ళు ఆనించే కమ్మీ రాళ్ళకు తగులుతున్నదని, కోసి, మడత పడేటట్లుగా మార్చాడు. ఈ అతుకులన్నీ స్వహస్తాలతో, అరువు తెచ్చుకొన్న గ్యాసు బత్తితో చేసినవే.

1979లో అత్తయ్య తమ్ముడు ఆ బండి అడిగి తీసికొని నంది దారిలోకి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు. వైమానిక దళంలో ఎంపికై, చేరడానికి నెల వ్యవధి మాత్రమే వుంది. వాగు గట్టు దిగుతుండగా పడిపోయాడు. కుడి తొడ ఎముక విరిగింది. ఎనిమిది నెలలు మంచం మీద వున్నాడు. కాలు ఒక అంగుళం పొట్టిదైపోయింది. వైమానిక దళం సంగతి అంతటితో సరి. తరువాత బ్యాంకులో గుమాస్తాగా చేరి, గౌరవంగానే బ్రతికి, ఉద్యోగ విరమణ చేశాడు. కాని ఆ రోజు నుంచి బావా బావమరదుల మధ్య మాట పలుచబడింది. పండుగలకు రాకపోకలున్నా, ఇద్దరూ ఒక గదిలో ఎక్కువసేపు కూర్చొనేవారు కారు. “రాయి తగిలి వుంటుంది,” అని మామయ్య అనేవాడు. “నేనే సరిగా నడపలేదు,” అని ఆయన అనేవాడు. అత్తయ్య ఏమీ అనేది కాదు. బండి పెరట్లోకి పోయింది, దాని మీద గోనెపట్టా పడింది.

ఈ చరిత్ర అంతా తెలిసి కూడా మా అమ్మాయి మాట వినలేదు. “నాన్నా, విప్పి చూద్దాం. పనికిరాదంటే అమ్మేద్దాం,” అన్నది. మామయ్య కళ్ళు చూచిన తరువాత మేమూ కాదనలేకపోయాము.

పాత బండి పని చేసేవారు బెంగుళూరులో ఇంకా వున్నారు. శివాజీనగరంలో నలభై ఏళ్ళుగా జావాలనే చేస్తున్న ఒక మేస్త్రీ దొరికాడు. ఆయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, “సారూ, ఏదీ సుత్తితో కొట్టకండి. ప్రతి నట్టుకూ నూనె పోసి వారం ఆగండి,” అన్నాడు. ఈ ఒక్క సలహా పాటించనివారు బోల్టు తలలు విరగగొట్టుకొని, ఆ తరువాత లేతు మిషను వారికి డబ్బు పోస్తారు. మా అమ్మాయి విప్పిన ప్రతి వస్తువునూ ఫోటో తీసి, చిన్న చిన్న డబ్బాలలో వేసి, పైన చీటీ అంటించింది. మందు సీసాలు, హార్లిక్సు సీసాలు అన్నీ అత్తయ్య అలమరలోనివే.

జావా యంత్రం చూడడానికి చిన్నదే. ఒకటే సిలిండరు, 65 మిల్లీమీటర్ల బోరు, సుమారు 250 సి.సి. అయినా పొగగొట్టాలు రెండు. ఇది రెండు స్ట్రోకుల ఇంజను. వాల్వులు వుండవు. పిస్టను క్రిందికీ పైకీ ఒక్కసారి తిరిగేలోపలే గాలి పీల్చడం, నొక్కడం, మండడం, పొగ విడవడం జరిగిపోతాయి. పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి ముందు క్రింద క్రాంకు వున్న గదిలోకి వచ్చి, అక్కడినుంచి పైకి పోతుంది. కనుకనే నూనెను పెట్రోలులోనే కలపాలి. లీటరుకు 40 మిల్లీలీటర్లు మా మేస్త్రీ లెక్క. క్రాంకు గదికి ఎక్కడా గాలి చొరరాదు. ఏళ్ళ తరబడి నిలిచిన బండిలో క్రాంకుకు రెండు వైపులా వుండే రబ్బరు సీళ్ళు గట్టిపడి పగులుతాయి. ఆ పగుళ్ళలోనుంచి గాలి దూరితే పెట్రోలు పాలు, దానితోబాటు నూనె పాలు తగ్గి, పిస్టను వేడెక్కి సిలిండరుకు పట్టుకొంటుంది. రంగులూ మెరుగులూ చేయించి, ఈ సీళ్ళు మాత్రం మరచినవారి బండ్లు పది మైళ్ళలో ఆగిపోవడానికి ఇదే కారణం. మేము సీళ్ళు, బేరింగులు, కనెక్టింగు రాడ్డు కొత్తవి వేయించాము. సిలిండరు గీతలు పడివున్నందున బోరింగు చేయించి అర మిల్లీమీటరు పెద్ద పిస్టను వేశాము.

ట్యాంకు లోపల తుప్పు చూచి మేస్త్రీ పెదవి విరిచాడు. ఆమ్లాలతో కడిగితే రేకు చిల్లులు పడవచ్చునన్నాడు. అప్పుడు, అంతవరకు పెరట్లో అడుగుపెట్టని అత్తయ్య గడపలో నిలబడి, “ఇత్తడి బిందెకు పట్టిన కిలుముకు మేమేం చేస్తామో అదే చేయరాదూ?” అన్నది. రెండు కిలోల పాత చింతపండు తానే నానబెట్టి ఇచ్చింది. ఆ పులుసు ట్యాంకులో పోసి, గుప్పెడు చిన్న నట్లు వేసి, రోజుకు నాలుగుసార్లు కుదుపుతూ మూడు రోజులు వుంచాము. తరువాత వంట సోడా నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, నూనె పట్టించాము. లోపల వెండి గిన్నె మాదిరి తేలింది.

ఇంతవరకు బాగానే వుంది. బండిని ఏ రూపానికి తేవాలన్న దగ్గర తగవు వచ్చింది. మామయ్య మార్చిన ఎండ్యూరో రూపమే వుంచాలని మా అమ్మాయి. ఫ్యాక్టరీనుంచి వచ్చిన రూపానికే తేవాలని మేము. మా వాదానికి చట్టం తోడుంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు చేసింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే వుండి, చట్రమూ ఇంజనూ వగైరాలు మార్చకుండా వున్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లను ‘వింటేజి’ బండ్లుగా గుర్తిస్తారు. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే వుంచుకోవచ్చు. కొత్తగా నమోదు చేయాలంటే రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000. అయితే అటువంటి బండిని రోజువారీ తిరుగుళ్ళకు వాడరాదు. ప్రదర్శనలకు, వింటేజి ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. మైసూరు నంబరు పలక నిలవాలంటే మామయ్య అతుకులు పోవాలి. అతుకులు నిలవాలంటే బండి పెరట్లోనే వుండాలి. “తాతయ్య చేతిపని తీసేస్తే ఇక అది తాతయ్య బండి ఎలా అవుతుంది నాన్నా?” అని మా అమ్మాయి అడిగినదానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు పనిముట్ల సంచిలో దొరికింది. సీటు క్రింది పెట్టెలో తోలుసంచి ఒకటుంది. అందులో స్పానర్ల మధ్య, విరిగిన కుడి కాలి కమ్మీ ముక్క గుడ్డలో చుట్టి వుంది. ప్రమాదం నాడు ఎవరో ఏరి తెచ్చి అక్కడ పడవేసినట్లుంది. మేస్త్రీ దానిని కిరసనాయిలులో కడిగి, వెలుతురుకు పట్టి చాలాసేపు చూచాడు. “సారూ, ఇది రాయి తగిలి విరిగింది కాదు. చూడండి, రంపంతో కోసిన గీతలు ఇప్పటికీ ఇలాగే వున్నాయి. అతుకు పైపైనే పట్టింది. లోపల ఇనుములో ఇనుము కలవనే లేదు. మనిషి బరువంతా మోపి నిలబడితే ఎప్పుడైనా ఊడేదే,” అన్నాడు.

మామయ్య ప్రక్కనే వున్నాడు. ఆ ముక్క చేతిలోకి తీసికొని, బొటనవేలితో ఆ గీతలు తడిమి చూచాడు. ఏమీ అనలేదు. ఆ రాత్రి భోజనం చేయలేదని అత్తయ్య ఫోను చేసి చెప్పింది.

మరునాడు మామయ్యే బావమరదికి కబురు పెట్టాడు. మేమూ వెళ్ళాము. ఆయన కుంటుకొంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మామయ్య ఆ ముక్కను ఆయన చేతిలో పెట్టి, “అతుకు నాదిరా. సరిగా పట్టలేదు. నువ్వు నడపడంలో తప్పేమీ లేదు,” అన్నాడు.

ఆయన ఆ ముక్కను అటూ ఇటూ త్రిప్పి చూచాడు. “నలభై ఆరేళ్ళు బావా,” అన్నాడు కొంతసేపటికి. “నాకు బండి నడపడం చేతకాలేదనే అనుకొన్నాను. మా పిల్లలకు సైకిలు నేర్పడానికి కూడా భయపడ్డాను.”

“నాకు అనుమానం వుండేదిరా. చూడడానికి ధైర్యం చాలలేదు,” అన్నాడు మామయ్య.

ఆయన కోపగించుకొన్నాడా, క్షమించాడా అని పాఠకులు అడగవచ్చు. మాకు తెలియదు. ఆ వేళ ఆయన కాఫీ త్రాగకుండానే వెళ్ళిపోయాడు. పది రోజులు రాలేదు. పదకొండవ రోజు ఉదయం ఒక చేతిసంచితో వచ్చి, “జె.సి. రోడ్డులో అసలు కమ్మీ దొరికింది,” అని బల్ల మీద పెట్టాడు. దుకాణం దుకాణం తిరిగి సంపాదించాడట. దానితో తగవు తీరింది. బండి ఫ్యాక్టరీ రూపానికే వెళ్ళింది. పైకి వంచిన సైలెన్సరు గొట్టాలను మా అమ్మాయి శుభ్రం చేసి కొట్టు గోడకు తగిలించింది. విరిగిన ముక్కను మాత్రం అత్తయ్య అడిగి తీసికొన్నది. ఏం చేసిందో మేము అడగలేదు.

తక్కిన పని వేగంగా సాగింది. ఆరు వోల్టుల డైనమో తీగలు మళ్ళీ చుట్టించాము. పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటరుకు సరిచేశాము. జికోవ్ కార్బురేటరును విడదీసి కడిగాము. ఖర్చు లెక్క అడిగేవారి కోసం: క్రాంకు పని 6,000, బోరింగు, పిస్టను 4,500, నికెలు పూత 12,000, రంగు 9,000, టైర్లు 5,000, వైరింగు, డైనమో 3,500, సీటు 3,000, చిల్లర మల్లర 8,000. వెరసి 51,000 రూపాయలు. ఇది మాకైన ఖర్చు. పని చేయించే చోటును బట్టి, దొరికే సామానును బట్టి మారుతుంది.

పెట్రోలు విషయంలో ఒక హెచ్చరిక. నేడు బంకులలో వచ్చేది నూటికి ఇరవై పాళ్ళ వరకు ఇథనాలు కలిసినది. ఇథనాలు తేమను పీల్చుకొంటుంది. పాత కాలపు రబ్బరు గొట్టాలను, వాషర్లను మెత్తబరుస్తుంది. కనుక గొట్టాలు కొత్త రకానివి వేయించాలి. వారాల తరబడి బండి తీయనప్పుడు ట్యాంకులోనూ, కార్బురేటరులోనూ పెట్రోలు వుంచరాదు.

జూలై రెండవ ఆదివారాన్ని ప్రపంచమంతటా జావా ప్రియులు తమ పండుగగా జరుపుకొంటారు. బెంగుళూరులో కూడా ఆనాడు పాత జావాలు, యెజ్డీలు బారులు తీరుతాయి. 2025లో అది 13వ తేదీన పడింది. కాగితాల పని ఇంకా కొంత మిగిలి వుండడం చేత మేము ఊరేగింపుకు పోలేదు. పెరట్లోనే మొదలుపెట్టాము. ఈ బండికి గేరు కడ్డీయే కిక్కరు కూడా. లోపలికి నొక్కి పైకి త్రిప్పితే కిక్కరవుతుంది, దించితే గేరవుతుంది. ఆ సంగతి మా అమ్మాయికి మామయ్య చూపించాడు. నాలుగు తన్నులకు పలుకలేదు. అయిదవ తన్నుకు నీలపు పొగ గుప్పుమని, ఆ పాత ‘డుబ్ డుబ్’ మోత మొదలైంది. ప్రక్క ఇంటి పెద్దాయన గోడ మీదినుంచి తొంగిచూచి కన్నడంలో ఏదో అని నవ్వాడు.

“ఎవరు ఎక్కుతారు?” అన్నది మా అమ్మాయి.

మామయ్య బావమరది వంక చూచాడు. ఆయన చెప్పులు విడిచి, కుడికాలు రెండు చేతులతో ఎత్తి ట్యాంకుకు అవతల వేసికొని కూర్చున్నాడు. కొత్త కమ్మీ మీద పాదం ఆనించి, ఒకటికి రెండుసార్లు బరువు మోపి చూచుకొన్నాడు. బండి కదల్చలేదు. స్టాండు మీదనే వుంచి, కొంతసేపు ఆ మోత విని, దిగాడు. “చాలు బావా,” అన్నాడు. ఆ వేళ ఇద్దరూ అరుగు మీద పక్కపక్కనే కూర్చొని, సైలెన్సరు గొట్టాలు ఏ కోణంలో వంచవలసిందో వాదించుకొంటూ భోజనాల వేళ దాకా గడిపారు.

పాఠకులలో ఎవరి పెరట్లోనైనా ఇటువంటి బండి పడివుంటే, గుజిరీకి తూకం వేసే ముందు ఒక్కసారి పట్టా తీసి చూడవలసిందని మా మనవి. రిజిస్ట్రేషను పుస్తకం ముందుగా వెతకండి. మాది ఇనుప పెట్టెలో ఎల్.ఐ.సి. పాలసీల క్రింద దొరికింది. నట్లకు నూనె పోసి వారం ఆగండి. తరువాత పనిముట్ల సంచి విప్పి చూడండి.

ఈ సంవత్సరం ఆయుధపూజకు ఆ బండికి అత్తయ్యే బొట్టు పెట్టింది.